కృష్ణ మీదుగా కృష్ణ

బెజవాడలో ప్రకాశం బ్యారేజీ దిగువన కృష్ణను చూస్తే ఇది సముద్రానికి వెళ్లే నది అనిపించదు. వరద రోజులు పోతే మిగిలేది ఇసుక మేటలు, వాటి మధ్య సన్నటి పాయలు. నీళ్లన్నీ అక్కడే కాలువల్లోకి మళ్లిపోతాయి. 1855 నాటి ఆనకట్ట నుంచీ ఇదే తంతు. 1957లో బ్యారేజీ వచ్చాక పద్ధతి మారలేదు. అయినా దివిసీమకు సెలవుల్లో వెళ్తే, హైవే వదిలి ఈ ఎండిన ఏటి పక్కన కరకట్ట మీదుగానే వెళ్లమంటాను. తోట్లవల్లూరు వైపు లంకల్లో అరటి, కంద, పసుపు తోటలు కనిపిస్తాయి. గంట ఆలస్యమైతే అవుతుంది, సముద్రం ఎక్కడికీ పోదు.

దారిలో శ్రీకాకుళం తగులుతుంది. ఉత్తరాంధ్రలోది కాదు, ఆంధ్ర మహావిష్ణువు ఊరు. శ్రీకృష్ణదేవరాయలకు కలలో కనిపించి ఆముక్తమాల్యద రాయమన్నది ఈ గుళ్లోని దేవుడే. దగ్గర్లోనే ఘంటసాల: బౌద్ధ స్తూపం, చిన్న మ్యూజియం. టాలమీ రాతల్లోకెక్కిన ఆ వర్తక కేంద్రం ఇప్పుడు వరిచేల నడుమ ఉంది. ఆ తర్వాత మోపిదేవి. సుబ్రహ్మణ్యేశ్వరుడి పుట్టలో పాలు పోసేవాళ్లు, పిల్లలకు పుట్టువెంట్రుకలు తీయించేవాళ్లతో ఎప్పుడూ సందడే.

పులిగడ్డ దగ్గర మాత్రం బండి దిగాలి. ఇక్కడ కృష్ణ రెండుగా చీలుతుంది. ఆ రెండు పాయలకూ సముద్రానికీ మధ్య మిగిలిన నేలే దివిసీమ. ఎడమ పాయ మీద కమానుల వంతెన ఒకటుంది. ఊళ్లో అందరూ అక్విడెక్టు అంటారు. దాని మీద పోయేది నీళ్లు. బెజవాడలో కాలువెక్కిన కృష్ణ, ఇక్కడ కృష్ణనే దాటుకుని దీవిలోకి వెళ్తుంది. కింద అంత నీరు కనిపిస్తుంటే పైన ఇంకో ఏరు ఎందుకంటారా? వేసవిలో సముద్రపు పోటు ఇక్కడిదాకా ఎగదన్నుతుంది. కింద ఉప్పు, పైన తీపి. దివిసీమ బతుకంతా ఈ రెండు నీళ్ల మధ్య బేరమే. చూడాల్సిన చోట్ల జాబితాల్లో ఈ కట్టడానికి చోటుండదు గానీ, నన్నడిగితే ముందు దీన్ని చూసే బీచికి వెళ్లాలి.

అవనిగడ్డ దాటి ఎడమ పాయ వెంట వెళ్తే హంసలదీవి. కాకి ఇక్కడి సంగమంలో మునిగి హంస అయిందని స్థలపురాణం. వేణుగోపాలస్వామి గుడి ప్రశాంతంగా ఉంటుంది, మాఘ పౌర్ణమికి తప్ప. ఆ రోజు జనం సముద్ర స్నానానికి ఇసుకేస్తే రాలనంతగా వస్తారు. బీచి పాలకాయతిప్పలో. అక్కడి నుంచి ఒడ్డమ్మటే ఇంకొంత దూరం పోతే నది సముద్రంలో కలిసే చోటు వస్తుంది. అలలు చిన్నవే కదా అని లోపలికి దిగొద్దు. ఏరు తోసే చోట కాలి కింద ఇసుక నిలవదు. శీతాకాలం చివర్లో ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీ శాఖవాళ్లు ఆ గుడ్లను పొదిగించి పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు. ఆ సమయం కనుక్కుని వెళ్తే పిల్లలతో వెళ్లినవాళ్లకు అంతకు మించిన వినోదం ఉండదు.

1977 నవంబరు 19న ఈ సముద్రమే ఊళ్ల మీదికి వచ్చింది. పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి ఊళ్లు ఊడ్చుకుపోయాయి. వేల మంది పోయారు. ఆ తరం వాళ్లు వయసు చెప్పాలన్నా, పెళ్లి సంవత్సరం చెప్పాలన్నా ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత అంటూ లెక్క కడతారు.

కుడి పాయ మీద నాగాయలంక. బీచి చూసి అటు నుంచటే వెనక్కి తిరిగేవాళ్లు పోగొట్టుకునేది దీన్నే. ఇక్కడి నది బెజవాడ నది కాదు, అవతలి ఒడ్డు దూరంగా మసగ్గా కనిపించేంత వెడల్పు. శ్రీరామపాద క్షేత్రం ఘాట్ దగ్గర పడవలు దొరుకుతాయి. దిగువకు పోయేకొద్దీ మడ అడవులు మొదలవుతాయి. నీరు తీసినప్పుడు బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్లు కనిపిస్తాయి. ఊపిరాడని బురదలో చెట్టు గాలి పీల్చుకునేది వాటితోనే. తిల్ల చెట్టు కొమ్మ మాత్రం విరవకండి, పాలు కంట్లో పడితే మండిపోతుంది. బావురు పిల్లికి పేరుపడ్డ అడవి ఇది. చేపలు పట్టుకు తినే ఆ పిల్లి పగలు కనిపించడం అరుదు. కొంగలు, బురదలో ఎగిరే చేపలు, ఎర్ర పీతలు మాత్రం ఎవర్నీ నిరాశపరచవు. పడవ ఎప్పుడు బయల్దేరాలో సరంగును అడగండి, మీ గడియారాన్ని కాదు. పోటు మీద వెళ్తేనే సన్న పాయల్లోకి దారి.

ఇంకా కిందికి ఏటిమొగ. అక్కడి నుంచి ఎదురుమొండి దీవికి పంటు మీద దాటాలి. మనుషులు, మోటారు సైకిళ్లు, గ్యాస్ బండలు, మేత మోపులు అన్నీ ఒకే బల్ల మీద. అవతల చూడ్డానికని కట్టినవేమీ లేవు. రొయ్యల చెరువులు, వలలు బాగుచేసుకునే మనుషులు, అడిగితే పీతల పులుసు వండిపెట్టే ఇళ్లు. చివరి పంటు ఎన్నింటికో రేవులో ముందే కనుక్కోండి. అటువైపు లాడ్జీ దొరుకుతుందన్న ఆశ పెట్టుకోవద్దు.