నాణెము పలికిన సాక్ష్యము

చంద్రగిరి కోట చెంత నున్న యొక పల్లెలో ఒక బాలునకు దున్నిన చేనిలో నల్లబడిన రాగి నాణెము దొరికెను. వాడు దానిని చింతపండుతో తోమి, ఇసుకతో రుద్ది, తళతళలాడునట్లు చేసి, తిరుపతిలో నున్న తాతకు చూపెను. తాతకు ప్రాచీన నాణెములన్న మిక్కిలి ప్రీతి. ఆయన దానిని వెలుతురునకు పట్టి, రెండు వైపులను పరికించి నిట్టూర్చెను.

"నాయనా! ఇది మెరయుచున్నది కాని మాటలాడుట లేదు. దీనిపై నున్న అక్షరములను నీవే చెరిపివేసితివి" అనెను.

బాలుడు చిన్నబోయి, "అరిగిన అక్షరములకు అంత విలువ యేమి తాతా?" అని యడిగెను. తాత వానిని చెంత కూర్చుండబెట్టుకొని యిట్లు చెప్పెను.

"చంద్రగిరి నుండి రాజ్యమేలిన వేంకటపతిదేవరాయలు ముద్రించిన బంగారు నాణెములపై శ్రీ వేంకటేశ్వరస్వామి మూర్తి కలదు. ఆయన 1614లో మరణింపగా, సోదరుని కుమారుడగు శ్రీరంగరాయలు రాజయ్యెను. కొలదికాలమునకే గొబ్బూరి జగ్గరాయడు ఆయనను వేలూరిలో చెరపట్టి, సకుటుంబముగ చంపించి, వేరొక బాలుని సింహాసనముపై నిలుపజూచెను. యాచమనాయకుడు శ్రీరంగరాయల కుమారు నొకనిని రహస్యముగ తప్పించి, అతని పక్షమున పోరాడి గెలిచెను. ఇట్లు బలముచే సింహాసనము నాక్రమింపజూచినవారు రోమక సామ్రాజ్యమున పెక్కుమంది కలరు.

క్రీ.శ. 235 మొదలు 284 వరకు అచ్చటి సైన్యములు తమకు నచ్చిన సేనానిని చక్రవర్తి యని ప్రకటించుచుండెను. అట్టివారిలో కొందరు కొన్ని నెలలైనను నిలువలేదు. అయినను వారు వెంటనే నాణెములు ముద్రించెడివారు. ఏలన, సైనికులకు జీతము లీయవలెను. క్రొత్త యేలిక పేరును, ముఖమును ప్రజ లెరుగవలెను. వార్తాపత్రికలు లేని ఆ దినములలో నాణెమే చాటింపు. ఏలుబడి స్వల్పమగుటచే నాణెములును స్వల్పమే. అందుచేతనే సేకరించువారు వాని కొరకు దేశదేశముల వెదకుచుందురు.

1900లో ఫ్రాన్సు దేశమున దొరికిన యొక నాణెముపై దొమిషియానుస్ అను చక్రవర్తి పేరుండెను. అతడు క్రీ.శ. 271 ప్రాంతమువాడు. అట్టి చక్రవర్తి యొకడున్నాడని నమ్మజాలక పలువురు పండితులు ఆ నాణెమును నకిలీ యనిరి. నూరు సంవత్సరములు గడచినవి. 2003లో ఇంగ్లండు దేశమున ఆక్స్‌ఫర్డు సీమలోని చాల్‌గ్రోవ్ వద్ద ఒక మట్టికుండ బయటపడెను. అందు దాదాపు 5,000 నాణెములు ఒకదానితో నొకటి అంటుకొని యుండెను. నిపుణులు వానిని ఓర్పుతో విడదీయగా, ఆ చక్రవర్తిదే రెండవ నాణెము కనబడెను! కుండను దొరికినది దొరికినట్లు అప్పగించుటచేతనే దాని సాక్ష్యము చెల్లినది."

"మన దేశమున రోమక నాణెములు దొరకవా తాతా?"

"దొరకకేమి? మన మిరియములు, సన్నని వస్త్రములు ఓడలలో పోగా, వారి బంగారు, వెండి నాణెములు వచ్చినవి. 1786 ప్రాంతమున నెల్లూరు చెంత ఒక రైతు నాగలికి ఇటుకకట్టడము తగిలెను. త్రవ్వి చూడగా శిథిలమైన చిన్న గుడియు, దానిక్రింద రోమక బంగారు నాణెములున్న కుండయు కనబడెను. రైతు కొన్నింటిని పాతబంగారముగ అమ్మెను. కొన్నవారు అనేకములను కరగించిరని తలంతురు. ఆర్కాటు నవాబు కుమారుడగు అమీరుల్ ఉమరాకు ముప్పదికి పైగా చిక్కినవి. వానిలో ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవియు, ఫౌస్టీనా రాణివియు ఎక్కువ. కరగిపోయినవానిపై ఎవరి ముఖములుండెనో ఇక నెవ్వరును చెప్పజాలరు.

మన గోదావరి యొడ్డున కోటిలింగాలలో సంగంభొట్ల నరహరిశర్మ నాణెములను ప్రోగుచేసి భద్రపరచిరి. పురావస్తు పరిశోధకులగు పి.వి. పరబ్రహ్మశాస్త్రి వానిని చదివిరి. గోబద, నారన, సమగోప అను ప్రాచీనరాజుల పేర్లు అట్లు లోకమునకు తెలిసినవి. ఆ నాణెములనే ఎవరైన కరగించి చెంబు చేసియున్నచో, ఆ రాజుల మాట యేమగును?"

బాలుని కన్నులలో నీరు తిరిగెను. "ఇప్పుడు నేనేమి చేయవలెను తాతా?"

"ఇకమీదట దేనిని దొరికినను తోమకుము. దొరికిన చోటును గుర్తుంచుకొనుము. 1878 నాటి చట్టము ప్రకారము, పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికినచో కలెక్టరునకు తెలుపవలెను. ప్రభుత్వము దానిని తీసికొన్నచో, లోహపు వెలకు పైన అందులో అయిదవవంతు చేర్చి చెల్లింపవలెనని ఆ చట్టముననే కలదు. కనుక దాచవలసిన పనియు లేదు. కరగింపవలసిన పనియు లేదు."

బాలుడు కాగితము తెచ్చి చేని పేరు, దొరికిన దినము, ఎంత లోతున దొరికినదియు వ్రాసెను. తాత ఆ కాగితములోనే నాణెమును చుట్టెను.

"అక్షరములు పోయినను దొరికిన చోటు మిగిలినది. అదియు సాక్ష్యమే" అనెను.

మరునాటి ఉదయమున వారిరువురును ఆ పొట్లమును తీసికొని రెవెన్యూ కార్యాలయమునకు బయలుదేరిరి.