పొడిమంచు

మంచు చూడవలెనను కోరిక మా యింట మొదట మా యమ్మాయికి బుట్టినది. కృష్ణాతీరమున బుట్టి, పుష్యమాసపు వేకువ చలికే కంబళి కప్పుకొను వారము మేము. అయినను ఆమె పట్టు విడువలేదు. 2024వ సంవత్సరము ఫిబ్రవరిలో మేమును, మా యిల్లాలును ఆమెను వెంటబెట్టుకొని కాశ్మీరమునకు బయలుదేరితిమి.

టంగుమార్గులో బూట్లను, పొడుగుకోట్లను అద్దెకు దీసికొని, చక్రములకు ఇనుపగొలుసులు చుట్టిన బండిలో 13 కిలోమీటర్ల మలుపులదారి నెక్కి గుల్మార్గు చేరితిమి. అది సముద్రమట్టమునకు సుమారు 2,650 మీటర్ల యెత్తునగల పచ్చికబయలు. 1927లోనే ఇంగ్లీషువారచ్చట స్కీ సంఘమును నెలకొల్పిరి.

మంచనగా ముద్ద యని మా భ్రమ. అచ్చటిది పొడి. పిడికిట బిగించినను ముద్దకట్టక, ముగ్గుపిండివలె వ్రేళ్లసందున జారిపోయినది. గాలి మిక్కిలి చల్లగా, పొడిగా నున్నపుడు కురిసిన మంచులో తడి యుండదు. రేకుల నడుమ గాలియే హెచ్చు. కావుననే స్కీపలకలపై జారువారు చప్పుడులేక తేలిపోవుదురు. మా యమ్మాయి మొదటి గడియలోనే నడుమువరకు గూరుకొనిపోయి, లేవలేక నవ్వుచుండెను. ఆమెను నేర్పువానికి అప్పగించి, మిట్టమీది పాత రాతిచర్చిని జూడ మేమిరువురము బయలుదేరితిమి.

అంతలో అరువదేండ్ల వృద్ధుడొకడు స్లెడ్జి తెచ్చి మా ముందు నిలిపెను. చక్రములు లేని కొయ్యబండి యది. మిట్ట యెక్కునపుడు త్రాడుపట్టి లాగును. దిగునపుడు తానే ముందు గూర్చుండి మడమలతో నాపును. మనుష్యుని మనుష్యుడు మోయుట అనాగరికమని మేము సభలలో జెప్పినవారము. "మేము నడచెదము" అని గట్టిగా బలికి, మరు అడుగుననే మోకాలిలోతు దిగబడితిమి. వృద్ధుడు మాటాడక వెంట వచ్చుచుండెను.

మా యిల్లాలు తనకు వచ్చిన హిందీలో అతనిని బలుకరించినది. ఆ జనవరియంతయు మంచు పడలేదట. మధ్యధరాసముద్రము దెసనుండి వచ్చు మబ్బులే ఆ ప్రాంతమునకు శీతకాలపు మంచు నిచ్చును; ఆ యేడు అవి నెలాఖరువరకు మొగము చాటువేసెను. బయలంతయు ఎండుగడ్డియై యుండగా, అతని స్లెడ్జి గోడకానుకొని యుండినదట.

మేము వెంటనే జేబులో చేయి పెట్టితిమి. అతడు చేయి చాపలేదు. "సాహెబూ, బండి యెక్కండి, కూలి యిండు" అనెను.

"ఏమండీ, మీ సిద్ధాంతము పస్తు మీకా, అతనికా?" అని మా యిల్లాలు స్లెడ్జిలో గూర్చుండినది. మాకు మిక్కిలి కోపము వచ్చెను. బదులు మాత్రము తోచలేదు. చదును వచ్చినచోట త్రాటికి మేమును ఒక చేయి వేసితిమి. బండి వంకరగా బోయి గుట్టకు దగిలెను. వృద్ధుడు పండ్లు లేని నోటితో నవ్వి, త్రాడు మా చేతినుండి మెల్లగా దీసికొనెను.

తిరుగుదారిలో వారిరువురును ఒక్క జారున క్రిందికి బోయిరి. మేము బూట్లనిండ మంచుతో పడుచు లేచుచు దిగునప్పటికి, మా యిల్లాలు బేరమాడకయే కూలి యిచ్చివేసియుండెను. అతడు త్రాడు భుజమున వేసికొని మరియొక బేరమునకై బండ్లు నిలుచు తావునకు బోవుచుండెను.