చలిదేశంలో పాత లారీ

చలికాలం వచ్చిందని మన ఇళ్ళలో అందరికన్నా ముందు చెప్పేది కొబ్బరినూనె సీసా. రాత్రి నీళ్ళలాగా ఉన్న నూనె తెల్లవారేసరికి తెల్లగా పేరుకుపోతుంది. సీసాను తలకిందులు చేసినా చుక్క బయటికి రాదు. కాసేపు ఎండలో పెడితే కరుగుతుంది. ఇంతకూ ఈ నూనె పేరుకోవటానికి పెద్ద చలి అక్కర్లేదు. ఉష్ణోగ్రత 24 డిగ్రీలకు దిగితే చాలు.

ఇప్పుడు సున్నాకు 50 డిగ్రీలు దిగువకు పోయిన చలిని ఊహించుకోండి. ఆ చలిలో ఒక పాత లారీ రాత్రంతా నిలబడి ఉన్నది. లారీ అంటే ఒళ్ళంతా నూనెలూ, గ్రీజూనే గదా! తెల్లవారి డ్రైవరు ఎక్కి స్టీరింగు పట్టుకుంటే ఏమవుతుంది? రాతిలో పాతినట్టుగా ఉంటుంది. కదలదు.

ఇలాటి చలి ఉండే చోటు పేరు యకూతియా. అది రష్యా దేశంలో, సైబీరియా ఈశాన్యభాగంలో ఉన్నది. వైశాల్యంలో దాదాపు మన భారతదేశమంత ఉంటుంది. కాని అక్కడి జనం సుమారు 10 లక్షలు మాత్రమే! దాని ముఖ్యపట్టణం యకూత్స్క్. అక్కడ జనవరి నెలలో సగటు ఉష్ణోగ్రతే సున్నాకు దిగువ 40 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. సున్నాకు దిగువ 39 డిగ్రీల దగ్గర పాదరసం కూడా గడ్డకడుతుంది. అందుచేత అక్కడ చలిని కొలవటానికి పాదరసం పనికిరాదు. సారాయం పోసిన ఉష్ణమాపకాలు వాడతారు. ఆ ప్రాంతంలోనే ఓయ్‌మ్యకోన్ అనే పల్లె ఉన్నది. 1933లో అక్కడ సున్నాకు దిగువ 67.7 డిగ్రీల చలి నమోదయింది.

రండి, అక్కడి లారీ ఒకటి ఎక్కుదాం. యకూత్స్క్ పక్కనే లేనా అనే మహానది ఉన్నది. దాని వెడల్పు కొన్ని కిలోమీటర్లు. చలికాలంలో ఈ నది పైభాగం ఒక మీటరుకు పైగా మందాన గడ్డకడుతుంది. లారీలు ఆ మంచు మీదనే నడిచి అవతలి ఒడ్డు చేరుకుంటాయి. అక్కడి నుంచి తూర్పుగా, సముద్రపు ఒడ్డున ఉన్న మగదాన్ దాకా ఒక రోడ్డు పోతుంది. దాని పేరు కొలిమా రోడ్డు. పొడవు సుమారు 2,000 కిలోమీటర్లు. 1930ల నుంచి ఈ రోడ్డును ఖైదీల చేత వేయించారు. చలికీ, ఆకలికీ, చాకిరీకీ తాళలేక ఎందరో దాని మీదనే ప్రాణాలు విడిచారు. అందుకే దాన్ని ఇప్పటికీ “ఎముకల రోడ్డు” అంటారు.

ఈ రోడ్డు మీద ఊరికీ ఊరికీ మధ్య చాలా దూరం. దారిలో కొండలూ, మలుపులూ ఉన్నాయి. మలుపులో స్టీరింగు మొరాయిస్తే లారీ లోయలోకి పోతుంది. లోయలోకి పోకుండా దారిలోనే ఆగిపోయినా అపాయమే. ఇంజను ఆగితే లారీలో వెచ్చదనం ఉండదు. అంత చలిలో వెచ్చదనం లేని మనిషి ఎంతోసేపు బతకలేడు. అందుకనే ఆగి ఉన్న బండిని చూసి అక్కడి డ్రైవర్లు తమ దారిన తాము పోరు. దిగి, ఏం కావాలో అడిగి, చేయగల సాయం చేస్తారు. రేపు తమకూ అదే గతి పట్టవచ్చునని వారికి తెలుసు.

అసలు స్టీరింగు ఎందుకు బిగుసుకుంటుంది? దానికి ఒకటి కాదు, చాలా కారణాలున్నాయి.

స్టీరింగు కడ్డీ కింద ఒక పెట్టె ఉంటుంది. అందులో పళ్ళచక్రాల వంటివి ఉండి, నూనెలో మునిగి తిరుగుతాయి. చలికి ఆ నూనె తేనె కన్న చిక్కబడి, చివరకు జిగురులాగా తయారవుతుంది. ఇక ముందు చక్రాలు పక్కకు తిరగటానికి కింగుపిన్నులనే లావుపాటి ఇనపమేకులు ఉంటాయి. వాటి చుట్టూ గ్రీజు ఉంటుంది. మామూలు గ్రీజు ఆ చలికి గట్టిపడుతుంది. అందులోకి ఏ కాస్త నీరు చేరినా, అది గడ్డకట్టి రెండు ఇనపముక్కలనూ అతికించినట్టు చేస్తుంది.

సోవియట్ దేశంలో 1958 నుంచి జిల్-157 అనే లారీ తయారయింది. దానికి స్టీరింగు తిప్పటంలో సాయపడే యంత్రం లేదు. అంతా డ్రైవరు భుజబలమే! 1960లలో వచ్చిన జిల్-131 లారీకి ఆ సాయం అమర్చారు. ఇంజను ఒక బెల్టు ద్వారా చిన్న పంపును తిప్పుతుంది. ఆ పంపు నూనెను బలంగా తోస్తుంది. డ్రైవరు కొద్దిగా తిప్పితే మిగతా పని నూనె చేస్తుంది. కాని చలిలో ఈ సాయమే శత్రువవుతుంది. చిక్కబడిన నూనెను పంపు పీల్చలేదు. అది మూలుగుతుంది, బెల్టు జారి కీచుమంటుంది. రబ్బరు గొట్టాలు గట్టిపడి ఉంటాయి గనక, డ్రైవరు మొండిగా తిప్పితే అవి పగలవచ్చు. నూనె అంతా మంచు పాలవుతుంది.

మరి తెలివిగల డ్రైవరు ఏం చేస్తాడు? అతని పని చలికాలంలో మొదలుకాదు. మంచు కురవక ముందే మొదలవుతుంది. స్టీరింగు పెట్టెలోని నూనె తీసి, చలికి చిక్కబడని పలచని నూనె పోస్తాడు. పంపుకు కూడా అలాటి నూనే. గ్రీజు గన్ను పెట్టి కింగుపిన్నులలోకి కొత్త గ్రీజు ఎక్కిస్తాడు. పాత గ్రీజూ, దానితోపాటు నీరూ బయటికి వచ్చేదాకా ఆపడు. ఈ పనికి సున్నాకు దిగువ 60 డిగ్రీల దాకా మెత్తగా ఉండే గ్రీజులున్నాయి. అలాటి రష్యన్ గ్రీజు ఒకదాని పేరు సియాతిమ్-201. చివరకు కీళ్ళ మీది రబ్బరు తొడుగులు చూస్తాడు. చిరిగినవాటిని మారుస్తాడు. లేకపోతే నీరు మళ్ళీ చేరుతుంది.

చలి ముదిరాక ఇంజనుకు మందపాటి బొంత కప్పుతారు. వీలున్నవారు బండిని వెచ్చని కొట్టంలో పెడతారు. వీలు లేనివారు రాత్రంతా ఇంజను ఆపనే ఆపరు. కొందరు ఇంజను కింద మంటదీపం పెట్టి కాస్తారు. అది చాలా జాగ్రత్తగా చేయవలసిన పని. రబ్బరుకూ, నూనెకూ నిప్పంటుకుంటే లారీయే మిగలదు.

తెల్లవారి ఇంజను చాలాసేపు తిరిగి వేడెక్కాక, డ్రైవరు స్టీరింగును కొద్దిగా కుడికీ, కొద్దిగా ఎడమకూ కదుపుతాడు. చివరిదాకా తిప్పి పట్టుకోడు. అలా చేస్తే పంపులో ఒత్తిడి హెచ్చి గొట్టం పగలవచ్చు. నూనె అటూ ఇటూ పారి, మెల్లిగా వెచ్చబడుతుంది. ఆ తరవాత లారీని నడక వేగంతో ముందుకు పోనిస్తాడు. రాత్రంతా ఒకచోట నిలబడిన టైర్లు అడుగున చదునుగా గట్టిపడి ఉంటాయి. అవి నాలుగు అడుగులు దొర్లాక గాని గుండ్రబడవు.

నిలబడి ఉన్న బండి కన్న, కదిలే బండి స్టీరింగు తేలికగా తిరుగుతుంది. ఇది మీరు ఇంట్లోనే చూడవచ్చు. సైకిలు మీద మీ తమ్ముణ్ణి కూర్చోబెట్టి, సైకిలును కదలనీయకుండా హాండిలు తిప్పండి. తరవాత సైకిలును మెల్లిగా నడిపిస్తూ తిప్పండి. తేడా మీ చేతులకే తెలుస్తుంది. తమ్ముడు పడిపోకుండా ఒక పెద్దవారిని పక్కన ఉంచుకోవటం మరవకండి.

“ఇంత అవస్థపడే బదులు కొత్త లారీ కొనుక్కోరాదా?” అని మీరు అడగవచ్చు. కొనేవారు కొంటారు. కాని పాత లారీలో ప్రతి భాగమూ కంటికి కనబడుతుంది, చేతికి అందుతుంది. దారిలో చెడిపోతే స్పానరూ, సుత్తీ పట్టుకుని డ్రైవరే బాగు చేసుకోవచ్చు. మనుషులు దొరకని దారిలో అది చిన్న విషయం కాదు.

వసంతం వచ్చి లేనా నది మీది మంచు బలం తగ్గగానే, అది పగలక ముందే, నది మీది దారి మూసేస్తారు. లారీలు ఒడ్డుననే ఆగి, పడవల కోసం ఎదురు చూస్తాయి. అక్కడ వేసవి చాలా చిన్నది. ఆకులు పండి రాలటం మొదలుకాగానే, డ్రైవరు మళ్ళీ గ్రీజు గన్ను చేతబట్టి లారీ కిందికి దూరతాడు. చలి ఇంకా చాలా దూరాన ఉండగానే, దాని పని పట్టటం అప్పుడే మొదలవుతుంది.