మావని చూడ్డానికి ఊరంతా వచ్చిన రోజు



మన ఏజెన్సీలో ఎవరికైనా బాగోలేదంటే చూడ్డానికి వెళ్ళకపోవడం చాలా తప్పు. పెళ్ళికి రాకపోయినా ఊరుకుంటారు గానీ, మంచాన పడ్డ మనిషిని చూడ్డానికి రాకపోతే పదేళ్ళయినా గుర్తుపెట్టుకుంటారు. అందుకే పని ఆపుకుని, అంబలి పట్టుకుని, కొండ దిగి వెళ్తాం. మంచం చుట్టూ కూర్చుంటాం, చెయ్యి పట్టుకుంటాం. మంచి అలవాటే. కానీ కొన్ని జబ్బుల్లో ఇదే అలవాటు మనిషి ప్రాణం మీదికి తెస్తుంది. ఈ రెండిటి మధ్యా మేము నలిగిపోయిన రోజుల గురించి రాస్తున్నాం. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మేము ముగ్గురం. ఇద్దరం డిగ్రీ, చెల్లి నర్సింగ్. విశాఖలో హాస్టళ్ళలో ఉండి చదువుతున్నాం. మావ మా ముగ్గురికీ మేనమామ. వయసు 41. కాఫీ తోట, మిరియాలు, కొంచెం పోడు ఉన్నాయి. చలికాలంలో జ్వరం పట్టుకుంది, తగ్గలేదు. మలేరియా అనుకున్నాం, పరీక్షలో కాదని వచ్చింది. తర్వాత చిగుళ్ళ నుంచి రక్తం కారడం మొదలైంది. పాడేరులో రక్తం చూసి వెంటనే విశాఖ పంపేశారు. ఇక్కడ ఎముక మజ్జ పరీక్ష చేసి అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అన్నారు. అంటే రక్త క్యాన్సర్.

ఏడు రోజులు మందు ఎక్కించారు. ఆ మందు కలుపుతో పాటు పైరుని కూడా కొడుతుంది. జబ్బు కణాలతో పాటు మంచి తెల్లకణాలు కూడా పోతాయి. మామూలు మనిషికి ఒక మైక్రోలీటరు రక్తంలో 4,000 నుంచి 11,000 వరకు తెల్లకణాలుంటాయి. అందులో న్యూట్రోఫిల్స్ అనేవి సూక్ష్మక్రిముల మీద ముందుగా పోరాడేవి. అవి 500 కంటే తగ్గితే చాలా ప్రమాదం. రెండో వారానికి మావకి అవి 100 కూడా లేవు. వేరే గదిలో పెట్టి, అత్త ఒక్కర్తినే లోపల ఉండనిచ్చారు.

సరిగ్గా ఆ వారంలోనే ఊరి నుంచి రెండు బొలెరోల్లో పద్నాలుగు మంది దిగారు. అనాస పళ్ళు, బుర్రలో అంబలి, దిసారి ఇచ్చిన తాడు తెచ్చారు. ఇద్దరు పసిపిల్లలు కూడా ఉన్నారు, ఒకరికి ముక్కు కారుతోంది. మూడు వారాలుగా దగ్గుతున్న చిన్నతాత కూడా వచ్చాడు. అమ్మమ్మ సరేసరి.

వార్డు గుమ్మం దగ్గర ఆపవలసింది మేమే. "ఏటిరా, నాలుగచ్చరాలు సదివేసరికి మా వోడిని మాకే సూపించరా?" అన్నాడు చిన్నతాత. అమ్మమ్మ అయితే ఒక్కటే అడిగింది, "నా కొడుకుని నాను ముట్టుకుంటే సచ్చిపోతాడేటి?" అని. ఆ మాటకి మా ముగ్గురికీ నోరు రాలేదు.

చివరికి అందరినీ కింద చెట్టు దగ్గర కూర్చోబెట్టి చెల్లి చెప్పింది. "పోడు చేలో మంచె మీద కాపలావోడు లేడనుకోండి. అడివిపంది ఒక్కటొచ్చినా చేను మిగల్దు. మావ వొంట్లో ఇప్పుడు కాపలా లేదు. మనకి ముక్కు కారితే రెండ్రోజుల్లో పోతాది. అదే మావకైతే ఊపిరితిత్తుల్లోకి దిగిపోతాది. మీరు మంచోళ్ళు కాదని ఆపట్లేదు. మంచె మీదికి మనిషి తిరిగొచ్చేదాకా ఆగమంటున్నాం, అంతే." ఆసుపత్రి కాగితాలు చూపిస్తే వినని పెద్దలు పోడు చేను అనేసరికి విన్నారు.

ఇంకో సంగతి కూడా చెప్పాం. ఇలాంటి రోగికి వచ్చే ఇన్‌ఫెక్షన్లన్నీ చూడ్డానికి వచ్చినవాళ్ళే తేరు. చాలావరకు తన నోట్లో, పేగుల్లో, చర్మం మీద ఉన్న క్రిములే తిరగబడతాయి. కాబట్టి రేపు జ్వరం వస్తే ఫలానా వాళ్ళు వచ్చి అంటించారని ఎవరినీ అనొద్దు. మన చేతిలో ఉన్న జాగ్రత్త మనం తీసుకుందాం అన్నాం.

డాక్టరుగారిని బతిమాలితే అమ్మమ్మ ఒక్కర్తికి పది నిమిషాలు ఒప్పుకున్నారు. ఆవిడకి దగ్గు, జ్వరం ఏమీ లేవు. హాస్టల్‌కి తీసుకెళ్ళి స్నానం చేయించి, గోళ్ళు తీసి, ఉతికిన చీర కట్టించాం. గాజులు తీసేసి మోచేతుల దాకా సబ్బుతో నిమిషంపాటు చేతులు కడిగించాం. మాస్కు పెట్టాం. లోపల దూరంగా కూర్చుంది. లేచేటప్పుడు నర్సు మళ్ళీ చేతులకి శానిటైజర్ రాసి, కాలు ముట్టుకోనిచ్చింది. అమ్మమ్మ మావ పాదం మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంది. ఏమీ మాట్లాడలేదు.

మిగతావాళ్ళు కింద నుంచి వీడియో కాల్‌లో చూశారు. తాడు మావ చేతికి కట్టలేదు, సెలైన్ సూది ఉంది కదా. గది బయట తలుపు గొళ్ళేనికి కట్టాం. నర్సు చూసి కూడా ఏమీ అనలేదు. అంబలి మేము తాగేశాం. అనాసలు వార్డు బయట అందరికీ పంచాం.

"సూడ్డానికి లేదు, పెట్టడానికి లేదు, మరి మేమెందుకొచ్చినట్టు?" అని ఒక బావ అడిగాడు. అప్పుడు రక్తం సంగతి చెప్పాం. మావకి వారంలో మూడు నాలుగుసార్లు ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సి వచ్చేది. అవి ఐదు రోజులకు మించి నిలవ ఉండవు, ఎప్పటికప్పుడు ఎవరో ఒకరు ఇస్తూనే ఉండాలి. 18 ఏళ్ళు దాటి, 45 కిలోలు పైన బరువుండి, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే రక్తం ఇవ్వొచ్చు. ఇలాంటి రోగులకి దగ్గరి రక్తసంబంధీకుల రక్తం నేరుగా ఎక్కించకపోవడమే మంచిది. బ్లడ్ బ్యాంకు మనది తీసుకుని వేరేవాళ్ళది ఇస్తుంది. మన రక్తం ఇంకెవరికో వెళ్తుంది, ఎవరిదో మావకి వస్తుంది. రక్తం తీస్తే నీరసించి పోడు పని చెయ్యలేమని మనవాళ్ళకి భయం. అయినా ఆ రోజు ఆరుగురు ముందుకొచ్చారు. హిమోగ్లోబిన్ తక్కువుందని ఇద్దరిని వెనక్కి పంపారు, నలుగురు ఇచ్చారు. సాయంత్రం బొలెరో ఎక్కేటప్పుడు వాళ్ళ ముఖాలు వేరేగా ఉన్నాయి. ఉత్తినే రాలేదు అన్నట్టు.

చిన్నతాతని మర్నాడు కఫం పరీక్షకి తీసుకెళ్ళాం. రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా టీబీ కోసం చూడాల్సిందే. టీబీయే అని తేలింది. మందులు ఉచితం, ఆరు నెలలు మానకుండా వాడాలి. గుమ్మంలో ఆపామని కోపం పడ్డ మనిషి ఇప్పుడు తనే అందరికీ చెప్తున్నాడు, దగ్గుంటే రోగి దగ్గరికెళ్ళకండి అని.

మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి అవసరం రావొచ్చు. మేము నేర్చుకున్నవి ఇవి. దగ్గు, జ్వరం, విరేచనాలు, ఒంటి మీద పొక్కులు ఉంటే వెళ్ళొద్దు. చిన్నపిల్లల్ని తీసుకెళ్ళొద్దు. పూలు, మట్టి అంటిన దుంపలు, పచ్చివి పట్టుకెళ్ళొద్దు. పూలనీళ్ళలో, మట్టిలో బూజు, క్రిములు ఉంటాయి. తినడానికి ఏం ఇవ్వాలన్నా ముందు నర్సుని అడగండి. రోగికి జ్వరం 100.4 డిగ్రీలు వచ్చిందంటే పొద్దున్న దాకా ఆగకూడదు. తెల్లకణాలు లేనప్పుడు వాపు, చీము కనిపించకపోవచ్చు, జ్వరం ఒక్కటే గుర్తు. ఇంటికి వచ్చాక కూడా ఇదే లెక్క.

ఇది క్యాన్సర్‌కే కాదు. మన పిల్లల్లో సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్ళకి చిన్నప్పుడే ప్లీహం దెబ్బతిని, క్రిములతో పోరాడే శక్తి తగ్గుతుంది. అందుకే వాళ్ళకి ప్రత్యేకంగా టీకాలు, చిన్నతనంలో రోజూ పెన్సిలిన్ ఇస్తారు. అలాంటి బిడ్డకి జ్వరమొస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో మొదలైంది, 2047 నాటికి ఈ జబ్బు లేకుండా చెయ్యాలన్నది లక్ష్యం. మీ ఊళ్ళో పరీక్షలు పెడితే దాక్కోకుండా వెళ్ళండి.

మావకి నాలుగో వారంలో కణాలు పెరిగాయి. మళ్ళీ మజ్జ పరీక్ష చేస్తే జబ్బు కనబడలేదన్నారు. అయినా ఇంకా మందుల విడతలు ఉన్నాయి. ప్రతి విడతకీ కణాలు మళ్ళీ పడతాయి, మళ్ళీ భయమే. గెలిచేశాం అని రాయలేం. కానీ ఇప్పుడు ఊళ్ళో ఒక వరస పెట్టుకున్నారు. విడతకి ఇద్దరు చొప్పున దిగుతారు. ఒకరు రక్తం ఇస్తారు, ఒకరు రెండ్రోజులు అత్తకి తోడుంటారు. ఊళ్ళో మిగిలినవాళ్ళు మావ మిరియాలు కోసి ఎండబెట్టారు.

చదువు రాని పెద్దలకి ఇది మీ భాషలో, మీ చేను లెక్కలో చెప్పండి. గుమ్మంలో ఆపవలసినప్పుడు గట్టిగా ఆపండి. ఆపినవాళ్ళకి చెయ్యడానికి ఒక పని కూడా చూపించండి.