గోడకు బిగించిన బీరువా

కళాశాల వార్షిక సంచికలో తెలుగు ఉపన్యాసకుని పేరు కనబడితే, అది ఏ ప్రబంధ నాయికను గురించో, ఏ శతక కవి నీతిని గురించో వ్రాసిన వ్యాసమై ఉంటుందని విద్యార్థులు ముందే నిశ్చయించుకొని పుట త్రిప్పివేయడం కద్దు. ఈ పర్యాయం వారికి ఆ శ్రమ తప్పించదలచాము. మేము వ్రాయబోతున్నది ఒక ఇనుప బీరువాను గురించి. అదైనా పడకగదిలో పట్టుబట్టలు దాచుకొనే బీరువా కాదు. కారు నిలిపే షెడ్డులో గోడకు బిగించిన బీరువా. విషయం అల్పమే. కాని ఆ అల్ప విషయం మా చేత ఒక పాత తప్పును ఒప్పించింది కనుక దానిని మీ ముందుంచుతున్నాము.

కర్నూలు నగరపు శివారులో మేము ఇల్లు కట్టుకొన్నప్పుడు, ఇంటి ప్రక్కన పదడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల పొడవు గల షెడ్డు ఒకటి వేయించాము. అప్పటికి మాకు కారు లేదు. ఖాళీ స్థలం ఊరక ఉండదు గదా! ఇంట్లో చోటు దొరకని ప్రతి వస్తువూ అక్కడికి చేరింది. సున్నపు డబ్బాలు, విరిగిన కుర్చీ, పిల్లల మూడు చక్రాల బండి, మేము ఎం.ఏ. చదివిన నాటి నోటు పుస్తకాల కట్టలు, వాటన్నింటికీ వెనుక, గోడ మూలన, నాలుగు గోనె సంచులు. గత సంవత్సరం ఒక పాత కారు కొన్నాము. కారు వీధిలో, చెత్త నీడలో ఉన్నదని మా శ్రీమతి పరిహసించిన నాడు షెడ్డును చక్కబెట్టక తప్పదని తోచింది.

బీరువా కొనడమంటే దుకాణానికి వెళ్ళి రంగు చూసి బేరమాడడమే అనుకొన్నాము. ఆ భ్రమ మొదటి రోజుననే తొలగింది. షెడ్డు ఇంటి గది వంటిది కాదు. వేసవిలో రేకు క్రింద కొలిమి వలె కాగుతుంది. వర్షాకాలంలో చక్రాలతో పాటు నీరు లోపలికి వస్తుంది. నేల నుండి చెదలు, తలుపు సందుల నుండి దుమ్ము సరేసరి. కనుక మొదట ఆలోచించవలసినది అందం కాదు, ఓర్పు.

టేకు చెక్కతో వడ్రంగి చేత చేయిస్తే తరతరాలు నిలుస్తుంది గాని, మా జీతానికి అది అందని పండు. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలకల బీరువాలు చూపులకు ముచ్చటగానే ఉన్నవి, ధరా తక్కువే. అయితే ఆ పలక అంచు ఒకసారి నీరు త్రాగితే ఉబ్బిపోతుంది, ఉబ్బినది మరల యథాస్థితికి రాదు. ప్లైవుడ్డులోనూ తారతమ్యాలున్నవి. ఐ.ఎస్. 710 అనే ముద్ర గలది నీటి తాకిడికి ఎక్కువగా ఓర్చే రకం, ఐ.ఎస్. 303 ముద్ర క్రిందనే మామూలు తేమకు మాత్రమే ఓర్చే రకమూ, అంతకంటె గట్టి రకమూ రెండూ వస్తాయి. ముద్ర చూడక కొన్నవాడు తరువాత చెదలను నిందించి ప్రయోజనం లేదు.

చివరకు ఇనుప రేకుకే మొగ్గినాము. దానికీ ఒక మెలిక ఉన్నది. రేకు మందాన్ని గేజి అంకెలతో చెబుతారు; అంకె పెరిగిన కొలదీ రేకు పలుచన. ఇరవై రెండు అంటే ఇరవై కంటె గట్టిదని భావించి మేము దుకాణదారు ముందు కొంత నవ్వులపాలైనాము. పైపూత విషయంలో బ్రష్షుతో పూసిన రంగు కంటె, పొడి రంగును విద్యుదావేశంతో రేకుకు అంటించి కొలిమిలో కాల్చిన పూత మేలు. గీత పడి రేకు బయటపడితే మాత్రం అదీ తుప్పును ఆపలేదు.

తరువాతి ప్రశ్న ఎక్కడ పెట్టాలన్నది. పాత వార్తాపత్రికలను బీరువా కొలతకు కత్తిరించి గోడకు అంటించాము. నేల మీద సుద్దతో గీతలు గీచి, కారు లోపలికి తెచ్చి, తలుపులు తెరచి చూచాము. కారులో నుండి మనిషి దిగగలగాలి గదా! ఎదురుగోడకు, నేల నుండి నాలుగున్నర అడుగుల ఎత్తున, పద్నాలుగు అంగుళాల లోతు గల బీరువాలు రెండు వ్రేలాడదీస్తే కారు ముందుభాగం వాటి క్రిందికి చక్కగా ఒదుగుతుందని తేలింది. బరువు వస్తువులకు మూలన నిలువు బీరువా ఒకటి, దాని క్రింద ఆరంగుళాల రాతి దిమ్మె.

బిగింపు పనికి వచ్చిన మేస్త్రీ పాతికేళ్ళ యువకుడు. సంచి దించి, గోడను వేలి కణుపుతో తట్టి, ఎదురుగోడ తొమ్మిదంగుళాల ఇటుక గోడ అనీ, ప్రక్కగోడ దానిలో సగమే అనీ చెప్పినాడు. పలుచని గోడకు బరువు తగిలించనన్నాడు. నీరు నింపిన పారదర్శకపు గొట్టాన్ని అటొక కొస, ఇటొక కొస పట్టించి, నీటిలో గాలి బుడగ లేదని నిర్ధారించుకొని, రెండు కొసల నీటిమట్టం వద్ద గుర్తులు పెట్టినాడు. ఆ తరువాత మా వైపు తిరిగి అడిగినాడు:

"సార్, బీరువాలో ఏం పెడతారు? బరువు తెలిస్తేనే గదా ఎంత బోల్టు వేయాలో తెలిసేది."

"పుస్తకాలు, పాత కాగితాలు" అన్నాము.

"మరి ఆ సంచుల్లోవి?"

"అవి పాత ఇనుము. అమ్మివేయవలసినవి."

అతడు ఒక సంచి మూతి విప్పి చేయి పెట్టినాడు. బయటకు తీసినది ఒక రింగు పానా. దానిని చొక్కా అంచుతో తుడిచి, వెలుతురులో త్రిప్పి చూచి, మరొకటి తీసినాడు, ఇంకొకటి తీసినాడు. ప్రతిదాని పిడి మీదా ఆకురాయితో కోసిన మూడు చిన్న గీతలున్నవి. "ఇవి పనితెలిసినవారి సామాను సార్. ఒక్క పానా నోరు అరగలేదు. పాత సామానువాడు కిలోల లెక్కన తూచుకొని పోతాడు" అని, మరేమీ అనక గోడ వైపు తిరిగినాడు. మేము ఆ మూడు గీతల వైపు చూస్తూ నిలబడిపోయాము.

ఆ గీతలు మా నాన్నగారివి. ఆయన లారీల మెకానిక్కు. బడికి వెళ్ళే వయసులో పనిలో చేరి, జీవితమంతా ఇంజన్ల క్రింద వెల్లకిల పడుకొని పని చేసిన మనిషి. కాలం చేసి నాలుగేళ్ళయింది.

తుంగభద్రా హంద్రీ నదుల సంగమం వద్ద వెలసిన ఊరు మాది. 2009 అక్టోబరు 2వ తేదీన ఆ నదులు పొంగి నగరాన్ని ముంచెత్తిన సంగతి పెద్దలందరికీ గుర్తే. అప్పుడు పాత బస్తీలోని అద్దె ఇంట్లో ఉండేవారము. మేము ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరం విద్యార్థులము. నీరు తీసిన తరువాత ఇంటికి తిరిగి వస్తే మోకాటి లోతు బురద. మా పుస్తకాలన్నీ నేలబారు అరలో ఉండడం వల్ల ముద్దలై పోయినవి. నాన్నగారు వాటి వైపు కూడా చూడక, బురదలో తడిమి తడిమి తన పనిముట్లను వెలికితీసి, కిరసనాయిలుతో కడిగి, తుడిచి, నూనె రాసి వరుసగా ఎండబెట్టసాగినారు. మాకు పట్టరాని కోపం వచ్చింది. కొడుకు చదువు కంటె ఈ ఇనుమే మీకు ముఖ్యమా అని అందరి ఎదుటా అడిగివేశాము.

ఆయన తల ఎత్తలేదు. "ఈ ఇనుము ఉంటే పుస్తకాలు మళ్ళీ కొనవచ్చు బేటా" అని మాత్రం అన్నారు.

నీట మునిగిన లారీలతో ఊరు నిండి ఉన్న ఆ రోజులలో ఆయన రాత్రింబవళ్ళు పని చేసినారు. నెల తిరుగక ముందే మా పుస్తకాలు కొత్తవి వచ్చినవి. అటుపిమ్మట డిగ్రీ, విశ్వవిద్యాలయం, ఎం.ఏ. పట్టా, ఈ ఉద్యోగం అన్నీ ఆ ఇనుములో నుండే వచ్చినవి. అయినను విశ్వవిద్యాలయ ప్రవేశపత్రంలో 'తండ్రి వృత్తి' అన్న గడిలో మేము వ్రాసినది 'వ్యాపారం'. ఆ అబద్ధం వల్ల మాకు సీటు రాలేదు. నిజం వ్రాసి ఉంటే పోయేదీ కాదు. గ్రీజు అంటిన ఆ చేతులను పదిమందికి చూపడం మాకు నామోషీ అయింది, అంతే. ఆ పత్రం మీద సంతకం చేయడానికి తెచ్చినప్పుడు ఆయన దానిని ఎంతో సేపు చూచినారు. ఆయన తెలుగు చదవగలరు. ఏమీ అనలేదు.

"సార్, ఏం పెడతారో తేల్చండి" అని మేస్త్రీ మరల అడిగినాడు. ఏమి ఉంచుకోవాలో తేల్చుకోక ముందే బీరువాలు కొన్నామని అప్పుడు అర్థమైంది. బోల్టు పరిమాణం చెప్పడానికి పనికివచ్చే ఆ ప్రశ్న మమ్ము పదిహేనేళ్ళు వెనుకకు తీసుకొనిపోయింది.

"పుస్తకాలు పై అరలో. క్రింది అరలో ఈ పనిముట్లు" అన్నాము.

అతని ముఖం విప్పారింది. ముందుగా గోడకు ఒక ఇనుప యాంగిల్ బిగించి, బీరువా బరువు దాని మీద కూర్చునేటట్లు చేసినాడు. ఇటుకల మధ్య సిమెంటు అతుకును విడిచి, ఇటుక నడిమి భాగంలోనే రంధ్రాలు తొలిచినాడు. రంధ్రంలోని పొడిని ఊది శుభ్రపరచిన తరువాతనే బోల్టు దించినాడు. పొడి మిగిలితే పట్టు నిలువదట. జాకీ, పెద్ద సుత్తులు మొదలైన బరువులను నిలువు బీరువా అడుగు అరలో పెట్టమన్నాడు. పెట్రోలు డబ్బా, థిన్నరు మూసిన బీరువాలో అసలే వద్దన్నాడు. పెట్రోలు ఆవిరి గాలి కంటె బరువైనది. నేలబారున ప్రాకి చిన్న నిప్పురవ్వకే అంటుకొంటుంది. ఆ మాట విని వాటిని షెడ్డు నుండే బహిష్కరించాము.

ఆ సాయంకాలం మా అమ్మగారు షెడ్డులోకి వచ్చినారు. ఆమె కుర్చీ వేయించుకొని, కిరసనాయిలు గిన్నె, గుడ్డ ముందు పెట్టుకొని, ఒక్కొక్క పానా తుడిచి మాకు అందించసాగినారు. పిడి మీద అంకె చూడక, చేతి బరువుతోనే కొలత పోల్చి, "ఇది దాని ప్రక్కన" అని ఆమె చెప్పడం చూచి ఆశ్చర్యపోయాము. ముప్పై ఏళ్ళు ఆ పనిముట్లను మూటగట్టి పంపిన చేతులవి. అరల మీద చీటీలు అంటించవలసి వచ్చినప్పుడు, ఆమెకు ఉర్దూ మాత్రమే చదవడం వచ్చును గనుక, రెండు లిపులలోనూ వ్రాశాము. ఈ సంచిక వలెనే మా బీరువా కూడా ద్విభాషా గ్రంథమైనది.

ఇప్పుడు కారు షెడ్డులోనే ఉంటున్నది. ఒక బీరువా తలుపు కొద్దిగా క్రిందికి వ్రాలి మూసేటప్పుడు కిర్రుమంటున్నది; నాన్నగారి స్క్రూడ్రైవరుతో దానిని సరిచేయడం నేర్చుకొంటున్నాము. ఇంకను చేతకాలేదు.

ప్రతి సంవత్సరం ప్రవేశాల వేళ విద్యార్థుల దరఖాస్తులు మా చేతి మీదుగా పోతుంటాయి. 'తండ్రి వృత్తి' అన్న గడిలో 'వ్యాపారం' అన్న మాట తరచు కనబడుతుంది. అందులో కొన్ని నిజమే కావచ్చు. కొన్నింటి వెనుక ఒక కుట్టుమిషను, ఒక ఆటో, ఒక తోపుడుబండి, ఒక గోనె సంచి నిండా పానాలు ఉన్నవని మాకు తెలుసు. ప్రియ విద్యార్థులారా! వచ్చే ఏడాది ఆ గడి నింపేటప్పుడు ఉన్నదున్నట్లు వ్రాయండి. కలాశాల కమిటీ పెద్దలు ఆ మాటను గౌరవంతోనే చదువుతారని మా విశ్వాసం. మేము ఆ గడిని తప్పుగా నింపినాము. దిద్దుకొనడానికి ఆ పత్రం ఇప్పుడు మా చేతిలో లేదు. అందుకే ఈ పుట మీద దిద్దుకొంటున్నాము. మా తండ్రిగారి వృత్తి: లారీ మెకానిక్కు.