సముద్రపు ఊటలకు సాక్షి



దేవుడు యోబును అడిగిన ప్రశ్నలలో సముద్రపు ఊటల సంగతి ఒకటి. అక్కడిదాకా వెళ్ళిన మనిషెవడని అడిగితే యోబు దగ్గర జవాబు లేదు. మనుషులు మొదటిసారి ఆ లోతుల్లో వేడి ఊటలను కళ్ళారా చూసినది 1977లోనే. ఈ నెల మనం మనసుతో అక్కడికి ప్రయాణం చేద్దాం.

దక్షిణ అమెరికాలోని ఈక్వడార్‌కు పడమరగా, పసిఫిక్ మహాసముద్రంలో గలపాగస్ దీవులున్నాయి. వాటికి ఈశాన్యంగా, భూమధ్యరేఖకు చేరువలో, సముద్రపు అడుగున ఒక పెద్ద చీలిక ఉంది. లోతు సుమారు 2,500 మీటర్లు. సూర్యకాంతి అక్కడికి దిగదు. నీరు 2 డిగ్రీల చలిలో ఉంటుంది. చీలికలోకి ఇంకిన నీరు అడుగునున్న వేడిరాళ్ళకు కాగి, ఇనుము, మాంగనీసు వంటి లోహాలను కరిగించుకొని మళ్ళీ పైకి ఉబుకుతుంది.

1977 ఫిబ్రవరిలో ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామిలో మనుషులు అక్కడికి దిగారు. రాళ్ళను, వేడినీళ్ళను పరిశీలించడానికి వెళ్ళినవారికి జీవం కనిపించింది. పెద్ద పెద్ద ఆల్చిప్పలు, పీతలు, ఎర్రని కొసలున్న గొట్టపు పురుగులు! ఆ ఓడలో జీవశాస్త్రజ్ఞుడు ఒక్కడూ లేడు. కుళ్ళిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ నుండి శక్తిని పొందే సూక్ష్మజీవులే అక్కడి వాటికి ఆహారానికి ఆధారం. వెలుగు లేనిచోట కూడా సృష్టికర్త బల్ల సిద్ధపరచాడు.

అంత విశాలమైన సముద్రంలో ఇటువంటి ఊటల జాడ తెలిసేదెలా? నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా. ఇక్కడ పొగవంటిది హీలియం-3 అనే వాయువు. భూమి రూపొందినప్పుడు దాని గర్భంలో చిక్కుకున్న ఈ వాయువు ఊటల గుండా కొద్దికొద్దిగా బయటపడుతుంది. పసిఫిక్ లోతు నీళ్ళలో ఇది ఉండవలసినదానికంటే ఎక్కువగా ఉన్నదని 1969లో క్లార్క్, బేగ్, క్రెయిగ్ అనే శాస్త్రజ్ఞులు వెల్లడించారు. ఊటలను ఎవరూ చూడకముందే వాటి సాక్షి దొరికిందన్నమాట.

ఈ సాక్షి నమ్మకమైనది. అది దేనితోనూ కలిసి మరొకటి కాదు. జీవులు దానిని వాడుకోవు. అడుగున పేరుకోదు. నీటితో సాగుతూ పలచబడుతుందే గాని మారదు. శాస్త్రజ్ఞులు తీగకు కట్టిన సీసాలను దించి, కావలసిన లోతులో మూసి, ఆ నీటిని రాగి గొట్టాలలోకి ఎక్కించి, వాయువు తప్పించుకోకుండా రెండు కొసలూ నొక్కేస్తారు. ఇలా కొలిచి, తూర్పు పసిఫిక్‌లో 15 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర మొదలైన హీలియం పాయ పడమరగా 2,000 కిలోమీటర్లకు పైగా సాగుతున్నదని 1981లో లప్టన్, క్రెయిగ్ తెలిపారు.

ఊటలలోని ఇనుము మాత్రం దగ్గర్లోనే అడుగుకు దిగిపోతుందని చాలాకాలం అనుకున్నారు. 2013లో ఒక పరిశోధక ఓడ పెరూ వైపునుండి తాహితీ వరకు నీళ్ళు పట్టుకుంటూ వెళ్ళింది. మారని హీలియంతో పోల్చి చూస్తే, కరిగిన ఇనుము కొంత 4,000 కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తున్నదని తేలింది. సముద్రపు పైనీళ్ళలోని సూక్ష్మమైన మొక్కలకు ఇనుము అవసరం. చేపల ఆహారమంతా వాటిమీదే ఆధారపడి ఉంది.

ఇది దూరదేశపు ముచ్చట మాత్రమే కాదు. హిందూ మహాసముద్రపు అడుగున ఊటలు పేర్చిన లోహపు రాళ్ళను 10,000 చదరపు కిలోమీటర్లలో అన్వేషించడానికి మన దేశం 2016లో ఒప్పందం చేసుకుంది. 2024లో మన శాస్త్రజ్ఞులు అక్కడ 4,500 మీటర్ల లోతున పనిచేస్తున్న ఒక ఊటను ఫోటో తీశారు. రాగి, జింకు మనకు అవసరమే. అయితే ఒక ఊట ఎంత దూరాన ఎవరిని పోషిస్తున్నదో తెలియకముందే దానిని తవ్విపోయవచ్చునా? భూమిని ఏలుమని చెప్పిన దేవుడే దానిని కాయుమని కూడా చెప్పాడు. గృహనిర్వాహకుడు లెక్క అప్పగించవలసినవాడు.

మన సంఘాలలోనూ కంటికి కనబడని ఊటలున్నాయి. తెల్లవారుజామున మోకాళ్ళూనే ఒక తల్లి, పేరు చెప్పకుండా బీదవాడి బిడ్డకు ఫీజు కట్టే ఒక సహోదరుడు. వారెక్కడున్నారో మనకు తెలియకపోవచ్చు. వారినుండి పారినది మాత్రం ఎక్కడో ఒకరిని బ్రతికిస్తూనే ఉంటుంది. అటువంటి ఊటలను గౌరవిద్దాం, కాపాడుదాం. ప్రభువు మనలను కూడా అటువంటి ఊటలుగా చేయునుగాక!