అతుకు దగ్గర

మాది వనపర్తి, ఉద్యోగం హైదరాబాద్‌లో కోడ్ రాయడం. గద్వాల మగ్గాన్ని చూసిన ప్రతిసారీ నా పనే గుర్తొస్తుంది. చీర ఒళ్లు నూలు, అంచు పట్టు. వేర్వేరు నాడెలతో నేస్తూ, రెండూ కలిసేచోట పోగును పోగుతో పెనవేస్తారు. నేర్పంతా అక్కడే. సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే: రెండు బృందాలు రాసినవి కలిసేచోటే ఎక్కువ తప్పులు దొర్లుతాయి. మేమేమో ఆ అతుకును చివరివారానికి వదిలేస్తాం. అది నాకు నచ్చదు.

ప్రభుత్వ ఆఫీసుకూ రైతుకూ మధ్య కూడా అలాంటి అతుకే ఉంది. 2016 అక్టోబర్ 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలయ్యాయి, ఆఫీసులు దగ్గరయ్యాయి. ఇక ఆన్‌లైన్ దరఖాస్తు తెర కూడా జనానికి దగ్గరవాలి. దాన్ని తయారుచేసేవాళ్లు ఒకపూట నాగర్‌కర్నూల్ మీసేవ కేంద్రంలో కూర్చోవాలి. రైతు తన సర్వే నంబరు చెబుతుంటే వినాలి. నా బృందంతో ముందు నేనే వెళ్తాను.